నాలుగాకుల బిళ్ళ

పెద్ద కూతురు సుమియే చిన్న ట్రక్కు వెనక రేకుకు నాలుగాకుల అయస్కాంతపు బిళ్ళ అంటించింది. వయసు మళ్ళినవాళ్ళు నడిపే బండికి ఆ గుర్తుండాలి. తండ్రి తొకుజి దాన్ని ఊడబీకి, రోజూలాగే షెడ్డు రేకు గోడకు తగిలించాడు. ఆయనకు ఎనభై నాలుగు.

"ముసలాడొస్తున్నాడని ఊరంతా చాటాలా?"

"మొన్న కాలువ గట్టుకు గీరుకున్నప్పుడే చాటింపు అయింది నాన్నా."

"గట్టే మీదికొచ్చింది. ఎక్కు. బళ్ళో పిల్లలకు అన్నం ఎవరు వండుతారు?"

ముప్పై ఏళ్ళుగా సుమియే బడి వంటశాలకు ఆయన పక్క సీట్లోనే వెళ్తోంది. పెళ్ళి కాలేదు. ఇరవయ్యో ఏట బండి నేర్పమంటే, "నేనున్నాగా" అన్నాడు. చెల్లెలు నత్సుకో అడిగితే మాత్రం ఆ ఎండాకాలమే నేర్పాడు. పొలం గట్ల మీద వాళ్ళిద్దరి నవ్వులు వింటూ సుమియే ఆ రోజుల్లో ముల్లంగి కడిగేది.

బడి ముందు పసుపు టోపీల పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ట్రక్కు ఆగాల్సిన చోట ఎగిరి దూకింది. చివరి పిల్లకు జానెడు దూరంలో ఆగింది. తొకుజి తన కుడికాలి వంక చూసుకున్నాడు.

"ఇక ఆపెయ్ నాన్నా."

"దిగు. ఆలస్యమవుతుంది."

ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆమె నత్సుకోకి ఫోన్ చేసింది.

సాయంత్రం నడిచి ఇల్లు చేరేసరికి గడపలో చెల్లెలి బూట్లు ఉన్నాయి. లోపల టీ గిన్నెల పక్కన తాళంచెవి, దాని మీద నత్సుకో చెయ్యి. రెండేళ్ళు తను కాళ్ళావేళ్ళా పడితే కదలనివాడు, దీనికి ఒక్క పూటలో ఇచ్చేశాడు. సుమియే తలుపు చాటునే ఆగి బూటు విప్పింది.

"నువ్వే తీసుకుపో. ఇక్కడుంటే మళ్ళీ ఎక్కుతాను," అంటున్నాడు తండ్రి.

"అక్క పనికెలా వెళ్తుంది?"

"అందుకేగా ఇన్నాళ్ళూ వదల్లేదు. దానికి నేర్పుంటే నాతో పనేముందే? అందుకే నేర్పలేదు. ఈ మాట దాంతో అనకు."

తలుపు బయట, విప్పిన బూటు సుమియే చేతిలోనే ఉండిపోయింది. అది విన్నా అసూయ చల్లారలేదు, ఇంకా రాజుకుంది. ఆ ఒక్క మాటైనా తనతో అనుండాల్సింది. అదీ చెల్లెలికే దక్కింది.

చీకటి పడకముందే నత్సుకో బండి తీసింది. తొకుజి వాకిట్లోకి రాలేదు. ట్రక్కు వెనక ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా సుమియే ఖాళీ షెడ్డులో నిలబడి చూసింది.

రేకు గోడ మీద నాలుగాకుల బిళ్ళ ఒక్క గీతైనా పడకుండా కొత్తగా మెరుస్తోంది.