చెయ్యెత్తితే ఆపాలి

మోజెల్ నది పక్కన ద్రాక్షతోటల రోడ్డు మీద టూరిస్టు బస్సు ఆగింది. పైన నిట్టనిలువు వాలులో ఓట్మార్ నాగలి పట్టుకుని ఎక్కుతున్నాడు. ఆ నాగలిని కొండ మీది మోటారు ఉక్కుతాడుతో లాగుతోంది. దాని హోరులో కేకలు వినపడవు. అతను చెయ్యెత్తితే, మోటారు దగ్గరున్న భార్య వాల్బుర్గ ఆపేయాలి.

చెయ్యి లేచింది.

వాల్బుర్గ మోటారు ఆపేసి, పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తింది.

"ఏమైందయ్యా? కాలు గానీ ఇరుక్కుందా?"

"అబ్బే, ఏం లేదే! బస్సువాళ్ళు చేతులూపుతుంటే నేనూ ఊపాను," అంటూ ఇకిలించాడు ఓట్మార్.

"సిగ్గులేకపోతే సరి! రేపు నిజంగానే ఇరుక్కుని చెయ్యెత్తావనుకో. బస్సువాళ్ళకేలే అనుకుని నేను మోటారు ఆపకపోతే?"

అతని నవ్వు ఆగిపోయింది. కింద బస్సువాళ్ళు ఇంకా ఊపుతూనే ఉన్నారు. ఓట్మార్ రెండు చేతులతోనూ నాగలి పట్టుకున్నాడు.