ఎర్ర గుడ్డ అట్ట

మదనపల్లెలో కృపాదానం పుస్తకాలు కుట్టడం మొదలుపెట్టి నలభై ఏళ్లు కావస్తోంది. వెన్ను తడిమి, దారం చూసి, అది ఏ కాలపు కట్టో చెప్పేస్తాడు. ఆ సంగతి నలుగురూ చెప్పుకోవాలని ఆయనకు కాస్త ఆశ కూడా. అయితే తెలిసినదంతా చెప్పే మనిషి మాత్రం కాదు.

1946 ఎండాకాలంలో ఆస్పత్రి నుంచి గ్లోరీ టీచరమ్మ కబురంపింది. క్షయ ముదిరింది, ఇక లేవదని డాక్టర్లు తేల్చేశారు. ఆమె తండ్రి సొలొమోను పంతులు ఒకప్పుడు ఒక పాట కట్టాడు. చర్చి సంఘంవాళ్లు పాటల పుస్తకం మొదట అచ్చు వేసినప్పుడు దాని కింద ఆయన పేరు ఉండేదట. తరవాత పెద్దలతో మాటా మాటా వచ్చింది, పేరు పోయింది. ఆ పాట నాదని ఆయన అన్నప్పుడల్లా జనం నవ్వారు. పాటల దొంగ అనిపించుకునే పోయాడు పాపం.

"ఆ పేరు అచ్చులో ఒక్కసారి సూడాలప్పా," అంది గ్లోరీ. "పాస్టరయ్యకి సూపిస్తే సాలు. నేను పోయినాక మా నాయన్ని ఎవురూ దొంగ అనకూడదు. అట్లాంటి పుస్తకం యాడన్నా మిగిలుంటాదా?"

"మొదట వచ్చినవి ఎర్ర గుడ్డ అట్టవమ్మా. పచ్చవి తర్వాత. పేరుంటే ఎర్రదాంట్లోనే ఉండాల. ఎతుకుతా," అన్నాడు కృపాదానం.

చెప్పకుండా మింగేసింది ఒకటుంది. ముప్పై ఏడేళ్ల కిందట, కొన్ని ఎర్ర పుస్తకాలు ఊళ్లకు వెళ్లిపోయాక, అచ్చాఫీసులో మిగిలినవాటిలోంచి ఆ ఆకు కోసి, పేరు లేని ఆకు అతికించి, పచ్చ గుడ్డ వేసింది తనే. పెద్దలు చెప్పారు, చేశాడు. ఇప్పుడు ఎర్ర పుస్తకం ఒక్కటి దొరికితే తాను నోరు విప్పే పనే ఉండదు కదా అనుకున్నాడు. పిరికివాడి తెలివి అంతే ఉంటుంది.

బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి పలమనేరు మీదుగా పంతులు సొంతూరు కుప్పం వెళ్లాడు. అక్కడ నాలుగు పుస్తకాలు చూశాడు. మూడు పచ్చవి. నాలుగోది ఎర్రదే కానీ ఆ ఎరుపు నిన్న మొన్నటిది, పచ్చదానికే ఎవరో కొత్తగా వేసిన గుడ్డ; లోపల ఆ పాట ఉన్న ఆకు తక్కినవాటికంటే తెల్లగా ఉంది.

తిరుగుదారిలో పుంగనూరులో దిగాడు. చిన్నమ్మ అనే ముసలామె ట్రంకుపెట్టెలోంచి ఒకటి తీసిచ్చింది. వెలిసిన ఎర్ర గుడ్డ, వెన్నుకు మూడు కుట్లు, అసలు సిసలు మొదటి కట్టు. ఆ పుట తీశాడు. పాట ఉంది, పేరు లేదు. కోసిన ఆకు మొదలు సన్నటి పట్టీలా మిగిలి, దానికి కొత్త ఆకు అతికించి ఉంది. ఎండిన జిగురు లేత నీలంగా ఉంది. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం ఓ చిటికెడు ఎక్కువ వేసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే.

"మరిసిపోతివా అప్పా?" అంది చిన్నమ్మ. "కుట్టు ఊడిందని మా ఆయన నీకాడికే తెచ్చినాడు. పాత ఆకు తప్పని నువ్వే కొత్తది ఏసిచ్చినావంట. కూలి గూడా తీసుకోలేదంట."

అప్పుడు గుర్తొచ్చింది. పెద్దలు కోయమన్నది ఆఫీసులో ఉన్నవాటిని మాత్రమే. మిగిలిన కొత్త ఆకులు పారేయబుద్ధి కాక దాచుకుని, మరమ్మతుకొచ్చిన ప్రతి ఎర్ర పుస్తకాన్నీ ఆయనే సరిచేశాడు. పుస్తకాలన్నీ ఒకేలా ఉండాలని పనివాడి పట్టింపు. కంచే చేను మేసింది.

మర్నాడు పొద్దున్నే ఉత్త చేతులతో ఆస్పత్రికి వెళ్లి, మంచం పక్కన నిలబడే అంతా చెప్పేశాడు.

"నేనే కోసినానమ్మా. పాట కింద, కుడిపక్క, సన్న అచ్చరాల్లో సొలొమోను, కుప్పం అని ఉండె. నా కండ్లతో సూసినా. ఇప్పుడే పోయి పాస్టరయ్యకాడ సెప్తా."

గ్లోరీకి దగ్గు తెర వచ్చి తగ్గింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే ఆయనకు భరించరాకపోయింది.

"మా నాయన పోయేదానికి నెల ముందు నీ అంగడికి వచ్చినాడు గదప్పా," అంది మెల్లగా. "ఇదే అడిగినాడు గదా. నువ్వేం సెప్పినావు?"

"పేరు సూసినట్టు గ్యాపకం లేదని సెప్పినా," అన్నాడు తల వంచుకుని.

"ఆ మాట నమ్మినాడప్పా ఆయన. నువ్వు అబద్ధం సెప్పవని నమ్మినాడు. ఆ పాట తాను కట్టనే లేదేమో, తనకే మతి తప్పిందేమో అని ఏడ్సుకుంటా పోయినాడు."