ఇనుప గొంగళిని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి

ఇనుప గొంగళి బ్యాండుని మొదటిసారి వినేవాళ్లకి 'మెత్తటి ఆదివారం' ఇవ్వాలని ఇంటర్నెట్‌లో ప్రతివాడూ చెబుతాడు. అందరూ ఒకే మాట చెబితే నాకు ఒళ్లు మంట. ఆ బ్యాండు చేసినవి పది ఆల్బమ్‌లు. ఒకదాంట్లో పాటగాడు గరాటులోంచి పాడతాడు. ఇంకోదాంట్లో డ్రమ్ములకు బదులు బక్కెట్లు బాదుతారు. ఒకటైతే మొత్తం లిఫ్టు ఎక్కీ దిగీ చేసే చప్పుడు, మధ్యమధ్యలో ఎవరో దగ్గుతారు, అంతే. అలాంటివాళ్లు ఒకేఒక్కసారి అందరికీ నచ్చే పాటలు చేశారు. అదే 'మెత్తటి ఆదివారం'. దాన్ని ముందు వినిపించడమంటే వెన్న చూపించి సున్నం తినిపించడమే.

ఏది ముందు వింటే ఏం పోయింది అంటారేమో. మా గంట పోతుంది.

మేం ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాం. మడతల గది గోడకి ఒక స్పీకరుంది. ఆఫీసువాళ్లు అందులో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒకే పియానో వేస్తారు, కారే కుళాయిలాగా. మా మనశ్శాంతి కోసమట. నేను నోరు చేసుకుని, నలుగుర్నీ కూడగట్టి, ఆఫీసు గుమ్మంలో నిలబడి అరిస్తే, భోజనాల తర్వాత ఒక గంట మాకు వదిలారు. ఆ గంట మా పాటలు, రోజుకొకరి వంతు. ముందు ఒక వారం చూస్తామన్నారు. షరతు ఏమిటంటే, గోడ పొడుగునా ఒక సుద్దగీత ఉంది. ప్రతి జంటా ఆ గంటలో మడతపెట్టిన దుప్పట్లని ఆ గోడకి ఆనించి పేర్చాలి. దొంతర గీతని తాకాలి. ఆ వారంలో ఒక్కరోజు తగ్గినా గంట రద్దు, మళ్లీ కుళాయే.

గీత గీసింది మా సూపర్‌వైజరు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. వెనకాల ఆయన్ని పిలిచేది కూడా అదే పేరుతో. నన్ను మైకమ్మ అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

వారమంతా ప్రేమపాటలూ ఏడుపు పాటలూ నడిచాయి, దొంతరలు గీతని తాకాయి. చివరి రోజు వంతు నాది.

ఆ రోజు పొద్దున వంటింట్లో నిలబడే టీ తాగుతున్నాను. కూర్చోబుద్ధి కాలేదు. ఈ బ్యాండుని నాకు అంటించిన మా తమ్ముడు పార్సిళ్ల వ్యాను తోలతాడు. వాడు షూ లేసులు కట్టుకుంటూ సలహా ఇచ్చాడు.

"వరసగా మొదటిదాన్నుంచి వినిపించక్కా. అదే మర్యాద."

"మొదటిదాంట్లో వాడికి పాడటమే రాదు కదరా!"

"తర్వాత మాత్రం ఎప్పుడొచ్చిందేంటి?"

"'ఏడో పన్ను' ఆల్బమ్ వేస్తే?"

వాడు లేసు వదిలేసి తలెత్తాడు. "అమ్మో! ఏడేసి దెబ్బల తాళం అది. నాకే అయిదోసారికి గానీ తల ఊగలేదు. నీ స్పీకరు పీకి నీ చేతిలో పెడతారు. నోరు మూసుకుని 'మెత్తటి ఆదివారం' వెయ్యి. ముందు గంట నిలబడనీ, తర్వాత చేద్దువుగాని నీ విప్లవం."

"నోరు మూసుకోవడం నావల్ల అవుతుందా?"

"అందుకేగా మాకింత ప్రశాంతత!"

దారిలో ప్రతి మలుపు దగ్గరా మనసు మారింది. బస్టాపు దగ్గర 'ఏడో పన్ను', కూరగాయల కొట్టు దగ్గర బక్కెట్లు, లాండ్రీ గేటు దగ్గరికి వచ్చేసరికి 'మెత్తటి ఆదివారం'. పదిమంది గంట నా చేతిలో ఉంది. పంతానికి పోయి దాన్ని తగలెట్టలేను. సరే, వెన్నే పెడదాం అనుకున్నాను.

నా జంట అత్త. నాకు చుట్టం కాదు, గదిలో అందరికీ ఆవిడ అత్తే. దుప్పటి మడత ఇద్దరి పని. పట్టు, లాగు, కలుపు, పేర్చు. తర్వాత బండిలోంచి ఇంకో దుప్పటికి వంగు, తియ్యి, దులుపు. నడుమెత్తి నిలబడు. మళ్లీ పట్టు. పాట ఉంటే చేతులు పాటని పట్టుకుంటాయి, వద్దన్నా వినవు. దుప్పటి మూల ఆసుపత్రి నీలం ముద్ర ఉంటుంది. మడతపెట్టాక అది పైకి కనిపించాలి. లోపలికి పోతే విప్పి మళ్లీ పెట్టాల్సిందే.

భోజనాలయ్యాయి. ఫోను స్పీకరుకి తగిలించి 'మెత్తటి ఆదివారం' నొక్కాను.

పాట హాయిగా ఉంది. అదే కొంప ముంచింది. ఒక్కో దెబ్బ తీరిగ్గా, అన్నం తిన్నవాడు ఈత చాప మీద దొర్లినట్టు పడుతోంది. దుప్పట్లు కూడా అలాగే దొర్లుతున్నాయి. అవతలి జంటలో ఒకాయన నిలబడే ఆవలించాడు.

"ఇదేం పాటే మైకమ్మా? ఉయ్యాల ఎక్కడ కట్టావు?" అంది అత్త.

"నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటి, నా చేతులు నిద్రపోతుంటే! అటు చూడు."

చూశాను. ఈపాటికి నడుం దాకా రావలసిన దొంతర మోకాలి దగ్గరే ఉంది. అందరివీ అంతే. లోకం మాట విన్నందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఫోను దగ్గరికి పరిగెత్తాను. బక్కెట్లా? గరాటా? వేలు 'ఏడో పన్ను' మీద పడింది.

గది అదిరింది. ఏడు దెబ్బలు పడ్డాయి. ఎనిమిదోది వస్తుందని అందరి కాళ్లూ ఎదురుచూస్తుంటే అది రాకుండానే మళ్లీ ఒకటి మొదలైంది. నేను కుడికి తిరిగితే అత్త ఎడమకి తిరిగింది. దుప్పటి మెలిపడింది. పక్క జంట నుదుళ్లు గుద్దుకున్నాయి.

"నీ పళ్లు రాలగొడతానే!" అని ఎవరో అరిచారు.

"పన్ను గురించే పాట!" అని నేనూ అరిచాను.

నవ్వులు లేచాయి. ముద్ర లోపలికి పోయిందో పైకి వచ్చిందో చూసే తీరిక ఎవరికీ లేదు. వచ్చింది వచ్చినట్టు పేర్చేశాం. రెండు పాటలు అలా తడబడ్డాక చేతులు దారి కనుక్కున్నాయి. మడతకి నాలుగు దెబ్బలు, కొత్త దుప్పటికి మూడు, మొత్తం ఏడు. వెంటనే మళ్లీ పట్టు. మా కోసమే కొట్టినట్టుంది. గది మొత్తం ఒక్క మనిషిలా కదిలింది. ఆవలించినాయన తల ఊపుతున్నాడు. మా తమ్ముడికి అయిదుసార్లు పట్టింది, వీళ్లకి రెండు పాటలు చాలాయి. సంతోషం ఆగక పాటగాడితో కలిసి అరిచాను.

దొంతర గీతని తాకింది. దాటింది. జానెడు పైకి పోయింది.

"పాట బాగుందే," అంది అత్త రొప్పుతూ. "నడుం ఎత్తనివ్వడంలేదు గానీ."

ఆ మాట నా వీపు మీద చరిచినట్టు తగిలింది. ఎనిమిదో దెబ్బ. మామూలు పాటల్లో ఎనిమిదోది నడుమెత్తే దెబ్బ. ఒక్క ఊపిరి. వారమంతా ప్రేమపాటల్లో దాన్ని తీసుకుంటూనే ఉన్నాం, అది మాదని ఎవరికీ తెలియకుండానే. నా బ్యాండు దాన్ని నొక్కేసింది. నేను దగ్గరుండి మరీ నొక్కించాను, పైగా కలిసి పాడాను.

గంట అయిపోయింది. పాట కట్టేశాను. సుద్దముక్క వచ్చాడు. గోడ పొడుగునా నడిచి చూసి, నావైపు తిరిగి నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఏం పాటమ్మా అది?"

"ఏదో సార్. గోల."

"గోలైతేనేం, బంగారం. పియానో తీసేద్దాం. రేపట్నుంచి రోజంతా ఇదే." జేబులోంచి సుద్ద తీశాడు. దొంతర తలమీద వేలు పెట్టి, అదే ఎత్తున గోడ మీద గీయబోయాడు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మైకమ్మకి!

"ఆగండి సార్," అంది అత్త. "అవన్నీ మడతలు కావు."

"అంటే?"

అత్త మా దొంతర అడుగుపొరల్లో చెయ్యి పెట్టి ఒక దుప్పటి లాగింది. ముద్ర లోపలికి ఉంది. ఇంకోటి లాగింది. అదీ అంతే. "తప్పు మడతలు. ఆసుపత్రివాళ్లు వెనక్కి కొడతారు. తర్వాత మీకే మాటొస్తుంది."

సుద్దముక్క చెయ్యి గాల్లోనే ఆగింది. అత్త ఒకటొకటే తీసి పక్కన పడేస్తుంటే దొంతర కుంగుతూ వచ్చింది. పక్క జంట అత్త మొహం చూసింది, తమ దొంతరలో చెయ్యి పెట్టింది. ఆ పక్కది కూడా. గది పొడుగునా దుప్పట్లు జారి కిందపడ్డాయి. చివరికి దొంతరలు పాత గీత మీద వచ్చి నిలబడ్డాయి. అత్త తీసిన ఆఖరు దుప్పటి ముద్ర పైకే ఉన్నట్టు నాకు కనిపించింది. నేనేమీ చూడలేదు.

"పెరగలేదు, తగ్గలేదు," అంది అత్త.

అప్పుడు నా నోరు నాకు దొరికింది. "షరతు నిలబెట్టాం సార్. గంట మాది. మిగతా పొద్దంతా మీది, మీ పియానో మీరు వేసుకోండి. మా పాట జోలికి రాకండి."

ఆయన దొంతరలు చూశాడు, కిందపడ్డ కుప్పలు చూశాడు. "అది పెడితే తప్పులే ఎక్కువన్నమాట," అని గొణిగి సుద్ద జేబులో వేసుకున్నాడు. పోతూపోతూ కుళాయి తిప్పాడు. పియానో కారడం మొదలైంది.

తప్పు మడతలు విప్పుతున్నాం. నా చేతులింకా ఏడు లెక్కపెడుతున్నాయి, ఆపినా ఆగడంలేదు. ఎనిమిదో దెబ్బ ఎక్కడ పడుతుందో వెతుక్కుంటూ కావాలని నడుమెత్తి నిలబడ్డాను. ఎదురుగా అత్త కూడా నిలబడింది.

"రేపట్నుంచి కొత్త వారం వంతులు. ముందు నాదే," అంది. "నీ గొంగళివాళ్లవి ఇంకా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయత్తా. ఏది వినాలని ఉంది?"

అత్త స్పీకరు వైపు చూసి గొంతు తగ్గించింది.

"మడత పెట్టడానికి పనికిరానిది ఏదైనా ఉందా?"

లిఫ్టు చప్పుడు ఆల్బమ్ గుర్తొచ్చింది. తాళం లేదు, లెక్క లేదు, ఎవరో దగ్గడం తప్ప. దాంతో మాత్రం ఎవర్నీ మొదలెట్టించకు అని మా తమ్ముడు చేతులు జోడించి మరీ చెప్పిన ఆల్బమ్.

"ఉంది," అన్నాను.