ముల్లు తీసిన చేతులు

కొండవ్వకు చేప అంటే భయం. చిన్నప్పుడు ఒక పెళ్లి విందులో బొచ్చె చేప ముల్లు గొంతులో ఇరుక్కుని, దవాఖానలో తీయించేదాకా ప్రాణం పోయినంత పనైంది. అప్పటినుంచి మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు ఇల్లంతా చేపల కూర తింటుంటే ఆమె ఒక్కతే చేపకు బదులు ఇంగువ బెల్లం మింగి ఊరుకునేది. నీసు మీద మనసైతే మటను, లేదంటే నూనెలో వేయించిన కోడి.

యాభై దాటాక ఒళ్లు బరువెక్కింది. కుట్టు మిషను ముందు కాసేపు కూర్చుంటే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. కోడలు వర్షిత పట్టుబట్టి సిద్దిపేటలో రక్తపరీక్ష చేయించింది. షుగరు అంచు దాటింది, రక్తంలో కొవ్వు పెరిగింది, స్కానింగులో చూస్తే కాలేయానికీ కొవ్వు పట్టింది.

"అన్నం తగ్గించుండ్రి, రోజు నడువుండ్రి," అంది డాక్టరమ్మ మాత్రలు రాస్తూ. "మటను, వేపుళ్లు బంద్ చేసి వారానికి రెండుసార్లు చేపల పులుసు తినుండ్రి. అట్లని చేప మందేం కాదు, మాత్రలు ఆపొద్దు."

కొండవ్వ అన్నం తగ్గించింది, నడిచింది. చేప మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వలేదు.

వర్షిత తల్లి సాయవ్వది తొగుట దగ్గర ఊరు. పెళ్లయి రెండేళ్లు దాటినా వియ్యపురాళ్లిద్దరి నడుమ మర్యాదే తప్ప చనువు లేదు. సాయవ్వ వస్తే గోడవారగా ఒదిగి కూర్చుని, చాయ్ తాగి, కూతురిని చూసుకుని వెళ్లిపోయేది. అలాంటి మనిషి ఒక ఆదివారం మొదటి బస్సుకే దిగింది. చేతిసంచిలో ఇంకా కదులుతున్న కొర్రమట్ట.

"బిడ్డ ఫోన్ల అంత చెప్పింది వదినె. గీ చేపకు ముండ్లు తక్కువ. జర నన్ను వంటింట్లకు పోనియ్యి," అంది.

కొండవ్వ కాదనలేకపోయింది. సాయవ్వ చేపను రాతి మీద రుద్ది రుద్ది కడిగింది. చింతపండు పులుసులో మెంతిపొడి వేసి, చెంచాడు నూనెతోనే కూర దించింది. తీరా పళ్లెం ముందుకొచ్చాక కొండవ్వ చేయి కదలలేదు. ఎన్నడో తగ్గిన నొప్పి గొంతులో మళ్లీ తగిలినట్టయింది.

సాయవ్వ ఆమె పక్కనే చతికిలబడింది. ఒక ముక్క తీసుకుని, వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూసి, ముల్లు ఏరి, మెత్తటి కండ ఆమె పళ్లెంలో పెట్టింది.

"అయ్యో, నువ్వెందుకు వదినె? చూసినోళ్లు ఏమనుకుంటరు?" కొండవ్వ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"అనుకోని. వర్షితకు జరమొచ్చినప్పుడు పక్కన కూసొని నువ్వే గంజి తాపినవంట. నేనొచ్చేసరికి అది లేసి తిరుగుతుండె. గది నేను మర్సిపోతనా? తిను."

కొండవ్వ మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. దిగింది. ఏమీ కాలేదు. రెండో ముద్దకు పులుసు రుచి తెలిసింది. ఇన్నేళ్లు దీన్ని వదులుకున్నానా అనిపించింది.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా సాయవ్వ వచ్చేది, రాలేని వారం వర్షిత ముండ్లు ఏరిపెట్టేది. మెల్లగా కొండవ్వ వేళ్లకూ ఆ పని పట్టుబడింది. ఒకసారి సన్నటి ముల్లు నాలుకకు తగిలింది. నిదానంగా తీసి పక్కన పెట్టి, మిగతా కూర తినేసింది.

చలికాలంలో మళ్లీ పరీక్ష చేస్తే షుగరు దిగింది. కొవ్వు కూడా బాగా తగ్గింది.

"ఏం చేసిన్రమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మీరు చెప్పిందే చేసిన. చేపలు మటుకు మా వదినె తినిపిచ్చింది."

"నడక, మాత్రలు, తిండి, అన్నీ కలిసొచ్చినయి. గిట్లనే ఉండుండ్రి," అని డాక్టరమ్మ నవ్వింది.

కొండవ్వ ఇంటికి పోలేదు. తొగుట బస్సెక్కింది. పెళ్లి తర్వాత కోడలి పుట్టింటికి ఆమె వెళ్లడం ఇదే మొదలు. వాకిట్లో కందికాయలు ఒలుస్తున్న సాయవ్వ ఆమెను చూసి కంగారుగా లేచింది.

"చెప్పకుండనే వస్తివి వదినె. ఇంట్ల పాలు సుత లేవు."

"పాలెందుకు? రిపోర్టు మంచిగొచ్చింది," అంటూ కొండవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. బస్సులో ఎన్నో మాటలు కూర్చుకుంది గానీ ఒక్కటీ గుర్తురాలేదు. "నీ చేతులు సల్లగుండ," అని మాత్రం అనగలిగింది.

సాయవ్వ కళ్లు తుడుచుకుంది. "జల్ది వంట చేస్త, తిని పోదువు. మళ్ల ఆఖరి బస్సు దొరకది."

"దొరకకుంటే దొరకకపాయె. ఇయ్యాల గీడనే ఉంట," అంటూ కొండవ్వ కూర్చుని, కందికాయల చేటను తనవైపు లాక్కుంది.