పక్క కుర్చీ ఓటు

రీడింగ్ రూము మూడింటికి తెరుస్తారని తెలిసీ పెద్దమ్మ రెండున్నరకే వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇంటికి తాళం వేశానో లేదోనని సగం దారిలోంచి ఒకసారి వెనక్కి వెళ్ళి, తాళం కప్ప లాగి చూసి మరీ వచ్చింది. మళ్ళీ వెళ్ళి చూద్దామని మనసు పీకింది గానీ కాళ్ళు ఒప్పుకోలేదు. చేతిసంచిలో కళ్ళజోడు ఉంది. అది పగిలితే ఎలాగని దాని పక్కన ఇంకో కళ్ళజోడు ఉంది. వాటి కింద మడత పెట్టిన రెండు ఖాళీ చీటీలు ఉన్నాయి. ఒకటి తనది. రెండోది టైలర్ మాస్టారిది.

మాస్టారు పోయి మూడు నెలలైంది.

ఆ రీడింగ్ రూములో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. ఏడాదిలో ఆఖరి శనివారం పేపరు చదివే వాళ్ళంతా పొడుగు బల్ల చుట్టూ కూర్చుని, ఆ ఏడు లోకం మీద ఎక్కువ ప్రభావం చూపించిన మనిషి ఎవరో వాదించుకుంటారు. తర్వాత చీటీలు వేస్తారు. గెలిచిన వాళ్ళ ఫోటో పేపర్లోంచి కత్తిరించి, చట్రం కట్టి, కింద 'ఈ ఏటి మనిషి' అని రాసి గోడకు తగిలిస్తారు. ఆ ఏడు గదికి రాకుండా పోయిన వాళ్ళకు కూడా ఆఖరిసారి ఒక ఓటు ఉంటుంది. పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళు లేచి నిలబడి, ఆ మనిషి ఉంటే ఏమనేవాడో ఆ మాటల్లోనే చెప్పి ఆ ఓటు వేయాలి.

పదేళ్ళుగా మాస్టారి పక్క కుర్చీ పెద్దమ్మదే.

ఆమెది బడికి వెళ్ళి నేర్చుకున్న చదువు కాదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. దుప్పటి అంచు మీద కుట్టిన అక్షరాలు చూసి ఏది ఏ వార్డుదో గుర్తుపడుతూ, అలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. చాలాకాలం ఏ కాగితం చేతికొచ్చినా ముందు అందులో 'వార్డు' అన్న మాట ఎక్కడుందా అని వెతికేది, తెలిసిన ముఖం కోసం గుంపులో వెతికినట్టు.

రోజూ పేపరు రాగానే మాస్టారు బయటి కాగితం తీసుకుని, లోపలి కాగితం ఆమె వైపు తోసేవాడు. సగం అయ్యాక మార్చుకునేవాళ్ళు. ఆ మార్చుకునేటప్పుడు మొదలయ్యేది గొడవ.

"ఏమండీ లాండ్రీ గారూ, చదివారా? లేక మడత పెట్టి పక్కన పెట్టేశారా?"

"చదివాను. మీలాగా బొమ్మలు చూసి వదిలేయలేదు."

ఆమె ఔనంటే ఆయన కాదనేవాడు. గని కూలీల తరఫున వాదించిన లాయరమ్మ గొప్పదని ఆమె అన్న ఏడు, ఆయన రెండు రోజులు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. అంత పంతం మనిషి.

ఆమె జీవితంలో అందరూ ఆమె చూపు పక్కకు తిప్పినప్పుడే వెళ్ళిపోయారు. అమ్మ, ఆమె కుళాయి దగ్గర వరుసలో నిలబడి ఉండగా పోయింది. భర్త, ఆమె రొట్టె కోసం వీధి చివరి దాకా వెళ్ళినప్పుడు పెట్టె సర్దుకుని పోయాడు. మాస్టారు, ఆమె కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో పడుకున్న వారంలో పోయాడు. కట్టు విప్పాక సంగతి తెలిసి ఆసుపత్రికి పరుగెత్తింది. ముప్పై ఏళ్ళు పని చేసిన చోటే. కౌంటర్లో కొత్తతను తలెత్తకుండా అడిగాడు.

"మీరు ఆయనకేమవుతారు?"

"పక్క కుర్చీ" అంది.

ఆయాసపడుతోంది కదా, కూర్చోవడానికడుగుతోందనుకున్నాడు కాబోలు. "అదిగో, అక్కడ ఖాళీగా ఉంది. కూర్చోండి" అన్నాడు. అప్పటికే ఆయన్ని తీసుకెళ్ళి రెండు రోజులైంది.

అందుకే ఈ ఓటంటే ఆమెకంత భయం. పక్క కుర్చీ అన్న చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకునే చోటు లోకంలో ఇదొక్కటే. ఇక్కడ కూడా ఆయన మనసు తప్పు చెబితే, ఆమె ఆయనకేమీ కానట్టే.

అయితే ఆయన మనసేమిటో ఆమెకు బాగా తెలుసు. అదే బాధ. ఈ ఏడు ఆమె మనిషి వాతావరణ కార్యాలయం గుమాస్తా. తుఫాను మలుపు తిరిగిందని, తెల్లారేదాకా ఆగమన్న పై అధికారి మాట కాదని, తానే రేడియో వాళ్ళకు ఫోను చేసి చెప్పినవాడు. తీరం వెంట ఉన్నవాళ్ళంతా పిల్లాపాపలతో లేచి వెళ్ళిపోయి బతికారు. అతని ఉద్యోగం పోయింది. మాస్టారు మాత్రం నిలువు కాలరు చొక్కా వేసుకునే పాటగాడి పేరే పట్టుకున్నాడు. ఆయన పోయేనాటికి ఆ గొడవ తెగలేదు. వారమంతా ఆమె అద్దం ముందు నిలబడి ఆయన మాటలు అప్పజెప్పుకుంది. తన మనిషి ఓడిపోయినా సరే, ఆయన ఓటు ఆయనదే.

మూడింటికి లైబ్రేరియన్ అమ్మాయి తలుపు తీసింది. పదముగ్గురు వచ్చారు. లెక్కల టీచరు బల్ల తల దగ్గర కూర్చుంది. పెద్దమ్మ ఎడమ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"ముందు ప్రభావమంటే ఏంటో తేల్చండి" అంది టీచరు. "మంచివాడా, చెడ్డవాడా అని కాదు. ఎంతమంది బతుకు మారింది? అదీ లెక్క."

"అయితే మా రవాణా మంత్రే" అన్నాడు రిటైరైన కండక్టరు. "ఒక్క సంతకంతో నూట ఇరవై రూట్లు మార్చిపడేసింది. ఇప్పుడు ఎవడు ఎక్కడ దిగాలో వాడికే తెలీదు. అంతకంటే ప్రభావం ఏం కావాలి?"

అందరూ గొల్లున నవ్వారు.

"ఊళ్ళో కుర్రాళ్ళని చూడండి" అన్నాడు సెలూన్ ఆయన. "అందరికీ ఆ పాటగాడి క్రాపే. నా చెయ్యి ఇంకో కటింగు మర్చిపోయేలా ఉంది."

"క్రాపు నెలకి పెరిగిపోతుంది బాబూ" అంది పెద్దమ్మ. "ఆ గుమాస్తా లేపకపోతే ఆ తలలే ఉండేవి కావు."

"ఆ గుమాస్తా ఎలా ఉంటాడో ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చెప్పండి పెద్దమ్మా! ముఖం తెలీనోడు ప్రముఖుడెలా అవుతాడు?"

"మీ ఆవిడ అద్దె కొంప ఎక్కడుందో చూసి పెళ్ళి చేసుకున్నావా, మనిషిని చూసి చేసుకున్నావా?" అన్నారెవరో. ఆ మాటకు అర్థమేమిటో ఎవరికీ తెలియలేదు గానీ అందరూ నవ్వారు.

పెద్దమ్మ మాత్రం మాట ఆపి ఎడమ పక్కకు తిరిగింది. ఇక్కడే మాస్టారు అందుకోవాలి. పదేళ్ళ అలవాటు. ఖాళీ కుర్చీ వీపు మీద ఎండ పడి ఉంది.

చీటీలు వేశారు. లైబ్రేరియన్ అమ్మాయి ఎప్పటిలాగే విప్పి లెక్కపెట్టింది. పాటగాడికి ఆరు. గుమాస్తాకు ఆరు. మంత్రికి ఒకటి.

కండక్టరు భార్య వైపు తిరిగాడు. "నువ్వు కూడా వేయలేదా?"

"మీ మంత్రి పుణ్యమా అని రోజూ రెండు బస్సులు మారుతున్నాను. నోరు మూసుకోండి" అందావిడ.

"ఇక మిగిలింది మాస్టారి ఓటు. దాంతోనే తేలాలి" అంది టీచరు. "టీ తాగి కూర్చుందాం."

అన్ని ఓట్లలో ఆ ఓటే తేల్చాలా అనుకుంది పెద్దమ్మ. ఆమె లేస్తుంటే లైబ్రేరియన్ అమ్మాయి చెయ్యి పట్టుకుని, పాత పుస్తకాలు పెట్టే లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"పెద్దమ్మా, మీరు ఆయన తరఫున పాటగాడికి వేస్తున్నారు కదూ?"

"మరి? నా స్వార్థం నేను చూసుకోలేను కదమ్మా."

"చీటీలు నేను ఎవరికీ చూపించకూడదు. కానీ మీరు తప్పు వేస్తారని వారం నుంచి నాకు నిద్ర లేదు."

అమ్మాయి బీరువా అడుగు నుంచి బిస్కెట్ల డబ్బాలు తీసింది. ఒక్కో ఏటి చీటీలు ఒక్కో డబ్బాలో ఉన్నాయి. అందులోంచి ఒక్కొక్కటి ఏరి బల్ల మీద పరిచింది. పది చీటీలు. పదింటికీ అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. చింపిన కాగితం అంటే మాస్టారికి గిట్టదు. గుడ్డ పోగులు ఊడకుండా కత్తిరించే కత్తెరతో ఇంటి దగ్గరే చీటీ కత్తిరించి, జేబులో పెట్టుకుని తెచ్చేవాడు. ఆ సంగతి పక్కన కూర్చునే ఆమెకు, డబ్బా విప్పే అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది. గని కూలీల లాయరమ్మ. వరదలో పడవ నడిపిన నర్సు. ఊరి నీళ్ళలో విషముందని బయటపెట్టిన ఇంజనీరు. పదీ ఆమె మనుషులే. ఆయన బల్ల గుద్ది కాదన్న వాళ్ళే.

"ఇదేంటమ్మా..."

"నేనొకసారి ఉండబట్టలేక అడిగాను పెద్దమ్మా. 'ఆవిడ చెప్పేదే నిజం. కానీ ఔనని ఒప్పేసుకుంటే పేపరు పది నిమిషాల్లో అయిపోతుంది. గది మూసే ఆరింటిదాకా ఏం చేయమంటావు?' అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

పెద్దమ్మ ఒక్కో అంచు మీద వేలు రాసి చూసింది. ఆయన గది ఎలా ఉండేదో ఆమె ఎన్నడూ చూడలేదు. అందులో ఆరు తర్వాత ఒక మనిషి, ఒక మిషను తప్ప ఇంకేమీ ఉండి ఉండవు. తన గదిలాగే.

"బయటికెళ్ళి నేను చెప్పనా?" అంది అమ్మాయి. "లేకపోతే మిమ్మల్ని అనుమానిస్తారు."

"వద్దు" అంది పెద్దమ్మ. "ఆయన దాచుకున్నది బల్ల మీద పోయడానికి నువ్వెవరు, నేనెవరు? ఆ సెలూన్ అబ్బాయి నోట్లో పడితే రేపు కటింగుకొచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్విస్తాడు. డబ్బాలు సర్దేయ్."

ఆమె వచ్చి తన కుర్చీ వెనక నిలబడింది. ఖాళీ కుర్చీ వీపు పట్టుకుంది. అప్పజెప్పుకున్న మాటలు మొదలుపెట్టగానే గొంతు దానంతట అదే బొంగురుపోయి, ఆయన గొంతులా దిగింది.

"చూడండీ. ప్రభావమనేది టేపుకి అందాలి. అందకపోతే అది వట్టి గాలి. ఈ ఏడు ఆ పాటగాడి నిలువు కాలరు నూట పన్నెండు కుట్టాను నేను. మెడ లేని వాళ్ళకి కూడా కుట్టాను. వద్దురా, తాబేల్లా ఉంటావురా అన్నా వినలేదు. మీ గుమాస్తా చొక్కా కావాలని ఒక్కడొచ్చాడా నా దగ్గరికి? పైగా లాండ్రీ గారికి ప్రతి ఏడూ ఎవడో ఒకడు ఉద్యోగం పోయినోడు కావాలి..."

బల్లంతా నవ్వింది. కండక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "అచ్చు ఆయనే!" అన్నాడు సెలూన్ ఆయన, గోడ వైపు చూసి, మేకు ఎక్కడ కొట్టాలో అప్పుడే చూసుకుంటూ.

"మాటలు ఇవీ" అంది పెద్దమ్మ, తన గొంతుతో. "ఓటు మాత్రం గుమాస్తాకు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అదెలా?" అన్నాడు సెలూన్ ఆయన. "పొద్దస్తమానం పాటగాడనేగా ఆయన అన్నది? మేమంతా విన్నాం."

"విన్నారు. నేను పక్కన కూర్చున్నాను."

"ఇదేం న్యాయం పెద్దమ్మా! పోయినవాడి ఓటు మీ జేబులో వేసుకుంటారా?"

లైబ్రేరియన్ అమ్మాయి నోరు తెరవబోయింది. పెద్దమ్మ చూసిన చూపుకు మళ్ళీ మూసుకుంది. పెద్దమ్మ జీవితంలో ఒకరి దుప్పటి ఇంకొకరి వార్డుకు పంపిన మనిషి కాదు. సంచిలోంచి రెండో చీటీ తీసి, గుమాస్తా పేరు రాసి, బల్ల మధ్యకు తోసింది. మామూలు కత్తెరతో వంకరటింకరగా కత్తిరించిన రంపపు అంచు. అదెందుకలా ఉందో ఎవరూ అడగలేదు.

"పక్క కుర్చీ మాటే మాట. పద్ధతి అది" అంది టీచరు, ఆమె వైపు చూడకుండా. "ఏడు, ఆరు, ఒకటి. గుమాస్తా."

ఫోటో మసగ్గా ఉంది. అతనిది పేపర్లో పడింది అదొక్కటే. కండక్టరు దాన్ని చట్రంలో పెట్టి గోడకు తగిలించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. రోజూ 'వస్తాను పెద్దమ్మా' అనే సెలూన్ ఆయన అనలేదు. అమ్మాయి కప్పులు కడగడానికి వెళ్ళింది.

పెద్దమ్మ తన చోట కూర్చుంది. గోడ మీద తన మనిషి. గెలిచింది. గెలిచిన ఏడు మాస్టారు ముఖం మాడ్చుకుని, "ఏదో అదృష్టంలెండి" అనేవాడు. ఆ ముఖం చూడడానికే సగం వాదించేది. ఆ ముఖం పెడుతూ లోపల నవ్వుకునేవాడన్నమాట, పదేళ్ళూ.

"ఒక్కసారి చెప్పి ఉండొచ్చుగా" అంది ఖాళీ కుర్చీతో. కోపంగానే అంది. "నేనేం పారిపోయేదాన్నా?"

తర్వాత ఆనాటి పేపరు దగ్గరకు లాక్కుని బయటి కాగితం చదివింది. లోపలిది చదివింది. ఎక్కడా కాదనే మాట ఎవరూ అనలేదు. మడత పెట్టి తలెత్తి గడియారం చూసింది. పది నిమిషాలైంది. ఆరు కావడానికి ఇంకా గంటన్నర ఉంది.