మొదటి ప్లేటు

పెబ్బేరు సంతకు వచ్చేవాళ్లలో మా హోటల్ అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. గుమ్మం మీద బోర్డు రాయించాం కానీ దాన్ని ఎవరూ చదవలేదు. అందరికీ అది నర్సమ్మ హోటలే. నర్సమ్మ మా అత్త. ఆమె పోయిన తర్వాత కూడా ఆ పేరు పోలేదు. అందుకు కారణం ఆమె చేతి వంట అనుకునేరు, కాదు. ఆమె కారం వేస్తే తిన్నవాడికి చెవుల్లోంచి పొగలు వచ్చేవి. ఆమె పెట్టిన ఒక పద్ధతి వల్ల ఆ పేరు నిలిచింది. మధ్యాహ్నం భోజనాలు మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లలో ఒకరు గల్లా పక్కన, అందరికీ కనబడేలా కూర్చుని, కూర వండిన అదే గంజు గిన్నెలోంచి వడ్డించిన మొదటి ప్లేటు తినాలి. ఆ తర్వాతే గిరాకీకి. పొద్దంతా సంతలో బేరగాళ్ల చేత మోసపోయి వచ్చే రైతులకు ఆ ప్లేటు చూస్తే ధైర్యం. ఇక్కడైనా మోసం లేదనుకునేవాళ్లు.

అత్త తర్వాత ఆ ప్లేటు నా మొగుడు నాగేశ్‌ది అయింది. పని చెప్తే నడుం నొప్పి వచ్చేది కానీ, తినమంటే ఏనాడూ కాదన్న మనిషి కాదు.

ఏం వండాలి, ఎంత వండాలి అన్నది మాత్రం నేనే చూసేదాన్ని. శనివారం సంత, ఆ రోజు ఒక గొర్రెను కోయించేవాళ్లం. అందులో బొచ్చు తప్ప ఏదీ పారేయకూడదని నా పట్టుదల. కోసినప్పుడు పట్టిన నెత్తురును మేం నల్ల అంటాం. ఆ నల్ల, కార్జం పొద్దున్నే వేపుడు చేస్తే లారీవాళ్లు ఎగబడి తినేవాళ్లు. మాంసం మధ్యాహ్నం భోజనంలోకి, బోటి సాయంత్రానికి, తలకాయ, కాళ్లు ఆదివారానికి. కూరగాయల్లో ఆ వారం సంతలో ఏది కుప్పలుగా పడితే అదే మా పప్పులోకి. పచ్చిపులుసు రోజూ ఉండేది, దానికి పొయ్యి కూడా అక్కర్లేదు కనుక. మధ్యాహ్నం కూర మీద పోయింది పొద్దుటి వేపుడు మీద వచ్చేది. హోటల్ నడవడమంటే అంతే, ఒక వంటకం ఇంకో వంటకాన్ని మోయాలి.

రెండువేల ఏడులో ఆ మోత మా వల్ల కాలేదు. ముందరి హైవేను నాలుగు వరుసలు చేస్తామని తవ్విపోశారు. దుమ్ముకు లారీలు ఆగడం మానేశాయి. ఎదురుగా కొత్త హోటల్ ఒకటి వెలిసింది. గొర్రెల ధర కొండెక్కి కూర్చున్నా వాళ్లు ప్లేటు రేటు పెంచలేదు, అందుకని మేమూ పెంచలేకపోయాం. కొన్నాళ్లు మాంసం మానేసి గుడ్ల పులుసు, జొన్నరొట్టె పెడదామన్నాను.

"గుడ్లు తినెతందుకు సంతకొస్తరా?" అన్నాడు నాగేశ్. "శనారం మటన్ లేదంటె ఎదురుంగ పోతరు. పోయినోడు మల్ల రాడు."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే నాకు ఒళ్లు మండింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక శనివారం పొద్దున్నే అతను బండి మీద మాంసం తెచ్చాడు. ఎప్పటిలా గొర్రెను కాదు, కోసేసిన మాంసాన్నే, యూరియా సంచుల్లో. సంచులు విప్పి చూశాను. తలకాయ లేదు, కార్జం లేదు, నల్ల లేదు.

"కార్జమేది? పొద్దుగాల ఏపుడు ఏంతోని జెయ్యాలె?"

"అవన్ని వేరేటోళ్లు కొనుక్కపొయిన్రు. అగ్గువకొచ్చింది, గింత గనం మాటలెందుకు? కడుగు."

కడిగాను. ఎన్ని నీళ్లు మార్చినా ఎర్రగానే ఉన్నాయి. తునకలు నల్లగా కనిపించాయి. ముసలి పొట్టేలు అయ్యుంటుందనుకుని అల్లం, మసాలా దండిగా నూరి గంజు పొయ్యి మీద పెట్టాను.

అంతలో నాగేశ్ స్నానం చేసి, నొసట నామం పెట్టుకుని వచ్చాడు.

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు. కురుమూర్తి సామికి మొక్కుకున్న. ఇంట్ల ఎవ్వరు మాంసం ముట్టొద్దు. నువ్వు గూడ."

నాకు నవ్వాగలేదు. ఏకాదశినాడు కూడా బొక్క చప్పరించే మనిషి.

"నువ్వు మొక్కితె సామి గూడ నమ్మడు" అన్నాను.

అతను నవ్వలేదు. బడికి పోతున్న మా బిడ్డ సౌందర్యకు తానే ఇడ్లీలు పెట్టాడు. మధ్యాహ్నం ఇంటికి రావద్దు, బళ్లోనే తినమని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బిడ్డ మీద ఇంత ధ్యాస ఎప్పుడొచ్చిందా అని ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

కూర ఉడికి దించే వేళకు వెనక తలుపు దగ్గర కురుమయ్య నిలబడి ఉన్నాడు. మాకు ఎప్పుడూ గొర్రెలు అమ్మే ముసలాయన. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సంచులిస్తె పోత, వసంతమ్మా."

"ఏమైంది మామా, గట్లున్నవు?"

"మందంత పాయె తల్లీ. మూతులు వాచినయ్, నాలుకలు నీలమైనయ్, ఏడియాడనే పడి సచ్చినయ్. పూడ్సుదమని గుంత గూడ తీసినం. మీ నాగేశొచ్చి, చాపల చెర్వోళ్లకు మేతకు కావాలె, కోసియ్యుమన్నడు. మట్టిల వోయేదే గదా అని ఇచ్చిన."

మాట్లాడుతూనే లోపలికి చూశాడు. పొయ్యి పక్కన గంజు పొగలు కక్కుతోంది. మూలన తన సంచులు నెత్తుటితో పడి ఉన్నాయి. నా మొహం చూశాడు.

"వామ్మో" అన్నాడు. సంచులు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నల్ల ఎందుకు లేదో, నీళ్లు ఎందుకు ఎర్రగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. చచ్చినదానికి నెత్తురు కారదు, లోపలే గడ్డకడుతుంది. ఒక్కపొద్దు ఎందుకో కూడా అర్థమైంది. నాగేశ్‌ను లోపలికి పిలిచాను.

"కురుమయ్య వొచ్చిపోయిండు. పారబోద్దం."

అతను ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మెల్లగ మాట్లాడు. గూసున్నోళ్లు ఇంటరు."

"ఇననియ్యి."

"పిచ్చిదానా, గనం ఉడికింది, మసాల వడ్డది. ఏం గాదు."

"ఏం గాకుంటె నువ్వే తిను పో. మీ అమ్మ గూసున్న జాగల గూసొని తిను."

"నాకు ఒక్కపొద్దు."

ఆ మాట నా ముందే, నా కళ్లలోకి చూసి అన్నాడు. సిగ్గు లేదు, పరేషానీ ఒక్కటే ఉంది. "ఈ ఒక్క వారం గడవనియ్యి. హోటల్ మూతవడితె యాడికి పోతం? బిడ్డనెట్ల సాదుతం? నీకేం తెల్వదు" అని గల్లా దగ్గరికి వెళ్లిపోయాడు.

తెర పక్కనుంచి చూశాను. బల్లలన్నీ నిండాయి. మా అన్న మహేందర్ కూడా వచ్చి కూర్చున్నాడు. కోడెల జతను అమ్మడానికి అయిజ నుంచి వచ్చాడు.

"ఏం బావా, ఇయ్యాల నీ ప్లేటేది?" అన్నాడు నాగేశ్‌తో.

"ఒక్కపొద్దు బావా. కురుమూర్తి సామికి."

"మంచిది, మంచిది" అన్నాడు పక్కనున్న పెద్దమనిషి. దేవుడి పేరు చెప్తే ఎవరు మాత్రం కాదంటారు? అయినా ఎవరూ కూర కోసం తొందరపెట్టలేదు. అలవాటు చొప్పున గల్లా పక్కన ఖాళీగా ఉన్న స్టూలు వైపే చూస్తున్నారు.

అన్నను మెల్లగా బయటికి పిలిచి చెబుదామనుకున్నాను. గడప దాకా వచ్చి ఆగిపోయాను. మనవాళ్లు తినకపోతే చాలు, మిగతావాళ్లు ఏమైపోతే ఏం అని పొద్దున్న నాగేశ్ చేసింది కూడా అదే కదా. పోనీ అందరి ముందూ అరిచి చెబుదామంటే నోరు పెగల్లేదు. ఆ పొయ్యి దగ్గర నా వయసంతా కాగిపోయింది. దాన్ని నా చేతులతో ఎట్లా ఆర్పాలి? ఆ మాట అతని నోటితోనే రావాలనుకున్నాను. వస్తుందని నమ్మాను కూడా. పొద్దున నన్ను ముట్టొద్దన్నవాడు, నేను నోట్లో పెట్టుకుంటుంటే చూస్తూ ఊరుకుంటాడా? ఎగిరి వచ్చి ప్లేటు తన్నేస్తాడు. హోటల్ పోతే పోనీ, మనిషి మిగులుతాడు.

ప్లేటులో అన్నం పెట్టుకున్నాను. గంజులోంచి కూర వేసుకున్నాను. వెళ్లి అత్త స్టూలు మీద, నాగేశ్‌కు ఎదురుగా కూర్చున్నాను.

అతని చెయ్యి గల్లాలోనే ఆగిపోయింది.

నేను తొందరపడలేదు. అన్నం కలిపాను. తునక తుంచాను. ముద్ద చేసి పైకెత్తి, అతని మొహంలోకి చూశాను. అతనూ చూశాడు. నేను తెలిసే చేస్తున్నానని అతనికి తెలుసు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమలలేదు. నీచు మసాలాను దాటుకుని నాలుకకు తగిలింది. ఇంకా చూస్తూనే ఉన్నాను.

నాగేశ్ నోరు తెరిచాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"ఇగ ఇంటామె తింటున్నది గదా" అని సప్లయర్ల వైపు తిరిగి కేకేశాడు. "కూర పెట్టుండ్రి!"

గొంతు కూడా వణకలేదు.

ముద్దను అదే ప్లేటులో ఉమ్మేశాను. అప్పటిదాకా పెగలని నోరు తనంత తానే తెరుచుకుంది.

"ఎవ్వరు తినకుండ్రి. రోగమొచ్చి సచ్చిన గొర్రెలు. నేనే వండిన, ఇప్పుడే తెల్సింది."

ముందు లేచింది మా అన్న. ఆ తర్వాత బల్లలు పడ్డాయి, ప్లేట్లు పగిలాయి. ఎవరో నాగేశ్ కాలరు పట్టుకుని నడివీధిలోకి లాక్కెళ్లారు. నేను అడ్డం పోలేదు. మా అన్న, ఇంకో ఇద్దరు రైతులు గంజును వెనక్కి మోసుకుపోయి గుంత తీసి పూడ్చారు. మూడు రోజుల తర్వాత బోర్డు కూడా ఊడదీశారు. చదవని బోర్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడు నేను అయిజలో అన్నవాళ్ల ఇంటి పక్కన గదిలో ఉంటూ, రొట్టెలు చేసి అమ్ముతున్నాను. సౌందర్య నా దగ్గరే ఉంది. నాగేశ్ పనికని హైదరాబాద్ వెళ్లాడు. పండుగకో పబ్బానికో వచ్చి, గడప బయట కూర్చుని, బిడ్డతో మాట్లాడి పోతాడు. నడిచే హోటల్‌ను పెండ్లామే ముంచిందని అందరితో చెప్పుకుంటాడట. నా ముందు మాత్రం ఒకే మాట అంటాడు.

"తిన్నా ఏం గాకపోతుండె, వసంతా."

కాకపోయేదేమో. గొర్రెలకు వచ్చిన ఆ రోగం మనుషులకు అంటదని తర్వాత పశువుల డాక్టరు కూడా చెప్పాడు. అంత మసాలాలో, అంత సేపు ఉడికాక, నిజంగానే ఎవరికీ ఏమీ అయ్యేది కాదేమో. నాక్కూడా.

కానీ ఆ సంగతి ఆ రోజు నాగేశ్‌కు తెలియదు. తెలియకుండానే, నా నోట్లో ముద్ద ఉండగా, కూర పెట్టమన్నాడు.