చేతి కాజాలు

సూదిలో దారం ఎక్కడం లేదు. కొసని తడిపి, పళ్ళతో నొక్కి, కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. చూపు బాగానే ఉంది, వేళ్ళే మాట వినడం లేదు. బొటనవేలు, చూపుడువేలు ఏడాదిగా మొద్దుబారిపోయాయి. సూది పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియదు. మా అమ్మాయి ఎప్పుడొచ్చిందో, నా చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి, ముడి వేసి, చొక్కాని తన ఒళ్ళోకి లాక్కుంది.

మాది టైలరింగ్ షాపు. మాది అంటే ఆయనది. ముందు గదిలో ఆయన కొలతలు తీసుకుని, గుడ్డ కత్తిరించి, మిషన్ మీద కుడతారు. పరదాకి ఇవతల, వంటింటి పక్కన, కాజాలూ గుండీలూ కుట్టేది నేను. ఊరంతా కాజాలు మిషన్ మీద వేస్తున్నా మా బోర్డు మీద మాత్రం ‘చేతి కాజాలు’ అని ఉంటుంది. వాటికోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు, కత్తెర పట్టుకున్నవాడిదే అనుకుంటారు. ఆయనా కాదనరు. కాజాలకి ఒక మనిషిని పెట్టుకుందామని నేనొకసారి అంటే, "నువ్వుండగా బయటి మనిషెందుకు? ఖాళీగా కూర్చుని ఏం చేస్తావు?" అన్నారు. అప్పుడు పొయ్యి మీద పాలు, ఒళ్ళో చంటిపిల్ల, చేతిలో సూది ఉన్నాయి నాకు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా ఇంట్లో మందుకి బాగానే పనికొస్తుంది, అక్కడ చెట్టుందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

వేళ్ళ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన చూపు మొదట ఎటు పోతుందో తెలుసు. అమ్మాయికి అది ఇంటర్‌లో ఆఖరి సంవత్సరం. తీరా నా చేతిలోంచి సూది జారిపోవడం అదే కనిపెట్టింది, అదే వచ్చి కూర్చుంది. కాజాకీ కాజాకీ మధ్య ఒక లెక్క చేసుకునేది. మొదట్లో నాలాగే కుట్టింది, తర్వాత నాకంటే బాగా కుట్టింది. ఒకరోజు ఆయన చొక్కా ఎత్తి చూస్తూ, "వయసు పెరిగేకొద్దీ నీ చెయ్యి తిరుగుతోందే" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

దానికి యూనివర్సిటీలో సీటొచ్చింది, లెక్కల్లో. వేరే ఊరు, హాస్టల్లో ఉండాలి. పెద్ద రభస అవుతుందని మాటలన్నీ కూడగట్టుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. మా అత్తగారు, మన ఇంట్లో ఆ గడప తొక్కినవాళ్ళు లేరు, వెళ్ళనీరా అన్నారు. ఆయన కూడా, "ఇక్కడ దాంతో పనేముంది? కాజాలకి వాళ్ళమ్మ ఉందిగా" అన్నారు. నా చేతుల మీద నమ్మకంతో ఒప్పుకున్నారు.

రేపు వెళ్ళి చేరాలి. నిన్న భోజనాల దగ్గర అమ్మాయి, తనకి చదువు మీద మనసు లేదని, షాపులోనే పని చేస్తానని చెప్పింది. ఆయన తెల్లబోయి, బాగా ఆలోచించుకో బుజ్జీ, తర్వాత నన్ననకు అన్నారు. అంట్ల దగ్గర దాన్ని నిలదీశాను. నువ్వు వెళ్ళు, నా తిప్పలు నేను పడతానన్నాను.

"ఎలా పడతావమ్మా? నేను వెళ్ళిన మర్నాడే తెలిసిపోతుంది. నెల తిరక్కుండా నాన్న వెనక్కి పిలుస్తారు. సగంలో మానేసి రావడం కంటే మొదలుపెట్టకపోవడమే నయం."

లెక్క సరిగ్గానే చేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే నా కోసం ఉండిపోతుంది, చెబితే ఆయన కోసం ఉండిపోవాలి. రాత్రంతా ఆలోచిస్తే ఒక్క దారే కనిపించింది. పరాయివాళ్ళ ముందు ఆయన చాలా మంచివారు. చదువుకున్న మనిషెవరైనా ఉన్నప్పుడు నిజం చెప్పేస్తే, పరువు కోసమైనా మనిషిని పెట్టుకుంటామంటారు, పిల్లని పంపిస్తారు.

ఇవాళ సాయంత్రం కాలేజీ లెక్చరరుగారు చొక్కాల కోసం వచ్చారు. కాజా మీద వేలితో రాసి చూసి, ఇలాంటి పని ఈ రోజుల్లో ఎక్కడా లేదన్నారు. ఆయన హుషారుగా, "అంతా మా ఆవిడ చేతి పనేనండి" అన్నారు.

పెళ్ళయిన నాటి నుంచి ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. వచ్చేసరికి అది నాది కాదు. నా పనంతా ఆయన పేరున పోయింది. ఇప్పుడు నా కూతురి పని నా పేరున పోతోంది. పరదా తీసుకుని ముందు గదిలోకి వచ్చాను.

"నాది కాదండీ, మా అమ్మాయిది. నా వేళ్ళు పనిచేసి ఏడాదైంది. దానికి యూనివర్సిటీలో సీటొచ్చింది. రేపే చేరాలి."

ఆయన మొహం చూడలేక లెక్చరరుగారినే చూస్తూ నిలబడ్డాను. లెక్చరరుగారు చొక్కా మళ్ళీ వెలుతురుకి ఎత్తారు. మెచ్చుకోలుగా తల ఊపారు.

"డిగ్రీలున్నవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారమ్మా. ఇలాంటి చెయ్యి దొరకదు. ఎక్కడికీ పంపకండి."

మా ఆయనకి కోపం రాలేదు. కత్తెర పెట్టేముందు గుడ్డని చూసుకున్నట్టు, పరదా సందులోంచి అమ్మాయి చేతుల వైపు చూశారు. ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

"అక్కడ చీకట్లో ఎందుకు బుజ్జీ? రేపే నీకు లైటు పెట్టిస్తా."

ఆ లైటు నేను కాపరానికొచ్చిన కొత్తలో అడిగాను. లోపలికి వెళ్ళాను. అమ్మాయి తలెత్తకుండానే, దారం అయిపోయిందమ్మా, కొత్త ఉండ ఇవ్వు అంది. ఇచ్చాను.